కొంబో గారి నాలుగో నెల

మా సముద్రపొడ్డు ఊరు పంగానీలో పంటు రేవు నించి బజారు దాకా నడిస్తే దారిలో ఒక్కటే చెట్టు. వేపచెట్టు. దాన్ని మేం మ్వారోబైనీ అంటాం. అరోబైనీ అంటే నలభై. నలభై రోగాలు పోగొడుతుందని ఎవడో పుణ్యాత్ముడు పెట్టిన పేరు. ఆ పుణ్యాత్ముడు ఇప్పుడు కనపడితే చెవి మెలేసి అడుగుతా, "నాయనా, నలభై ఒకటో రోగం ఒకటుంది, దాని పేరు కొంబో, దానికి ఏ ఆకు నూరమంటావు?" అని.

కొంబో మా పక్కింటాయన. పంటు మీద టికెట్లు చింపే ఉద్యోగం చేసి దిగిపోయాడు. ఆ పంటు మీద నలభై మందిని మించి ఎక్కించకూడదు. ఇరవై ఏళ్ళు గేటు దగ్గర నిలబడి ఒకటి నించి నలభై దాకా లెక్కపెట్టడం, తర్వాత వచ్చినవాడి మొహమ్మీద నాలుగు వేళ్ళు చాపి "అరోబైనీ! చాలు! వెనక్కి!" అనడం, అదే ఆయన చేసిన ఘనకార్యం. నెత్తిన చేపల గంప పెట్టుకున్న గర్భిణీనైనా సరే, నలభై ఒకటో మనిషైతే ఎండలో నిలబెట్టేసేవాడు. నలభై ఒకటి అనే అంకె దేవుడు పుట్టించలేదని ఆయన నమ్మకం. ఉద్యోగం పోయింది గానీ ఆ నాలుగు వేళ్ళు మాత్రం చాపిన చోటే ఉండిపోయాయి. టీ ఎన్ని కప్పులు కావాలని అడిగినా ముందు నాలుగు వేళ్ళు లేస్తాయి, తర్వాత ఆలోచన.

ఉద్యోగం దిగిన కొత్తలో పని లేక ఈగలు తోలుకుంటుంటే, ఆ ఖర్మ కాలిన రోజు, వేయించిన జీడిపప్పు పొట్లం ఒకటి కొన్నాడు. పప్పు తిన్నాడు. కాగితం చదివాడు. అది ఎవరో వైద్యుడు అచ్చేసిన కరపత్రం. 'మందుల్లేకుండా నూరేళ్ళు' అని పైన పెద్దక్షరాలు. కాకపోతే జీడిపప్పులవాడు కాగితాన్ని నిలువునా సగానికి చింపి పొట్లం కట్టాడు. అంచేత ప్రతి ముక్కా సగమే ఉంది. 'రోజూ పొద్దున్నే వేపాకులు...' అని ఉంది, ఎన్నో లేదు. 'ప్రతి ముద్దా నోట్లో పెట్టుకుని...' అని ఉంది, ఏం చెయ్యాలో లేదు. 'వట్టి కాళ్ళతో నేల మీద...' అని ఉంది. బుద్ధున్నవాడైతే ఇంకో పొట్లం కొనుక్కుని రెండో సగం వెతుక్కుంటాడు. ఈయనగారు చెట్టు పేరు తలుచుకుని, చిరిగిన చోటల్లా నలభై అని పూరించుకున్నాడు.

అప్పట్నించి మొదలైందమ్మా మా వీధికి శని. పొద్దున్నే నలభై వేపాకులు నమిలి, మొహం వంకర పెట్టి, "అబ్బ! తియ్యగా ఉంది!" అని పదిళ్ళకి వినపడేలా అరవడం. రేవు దాకా నలభై అడుగులు వెనక్కి నడవడం. అలా నడుస్తూ మూడుసార్లు చేపల బుట్టల్లో, ఒకసారి ఇమాం గారి ఒళ్ళో కూర్చున్నాడు. ప్రతి ముద్దా నలభై సార్లు నమలడం. పొద్దున తినడం మొదలెడితే మధ్యాహ్నం కూడు వండే వేళకి మొదటి ముద్ద గొంతు దిగేది. చెప్పులు పారేశాడు. "భూమి రోగాన్ని లాగేసుకుంటుంది" అనేవాడు. భూమి ఏం లాగిందో తెలీదు గానీ, ఆ పాదాలు మాత్రం ఎండిపోయిన మడ అడవి బురదలా పగిలి, తెడ్లలా వెడల్పయ్యాయి. ఒక పగుల్లో బల్లి గుడ్లు పెట్టిందని నేనే చూశాను. పెట్టకపోయినా పెట్టగలదు, అంత చోటుంది.

మేకకి కూడా వేపాకు మేపాడు. అది పాలివ్వడం మానేసి ఈయన్ని చూస్తే పారిపోయేది. మేకకున్న తెలివి మాకెవ్వరికీ లేకపోయింది.

అన్నిటికన్నా ఘోరం ఏంటంటే, ఇంట్లో పంచదార మాన్పించాడు. మా సముద్రం ఒడ్డున పంచదార లేని టీ చనిపోయినవాళ్ళింట్లో కూడా పొయ్యరు! చుట్టాలొస్తే వేపనీళ్ళు పోసేవాడు. చుట్టాలు రావడం మానేశారు. "చూశావా, జనం తగ్గారు, జబ్బులు తగ్గాయి" అనేవాడు.

దోమతెర సంగతి చెప్పాలి. దవాఖానా వాళ్ళు ఇంటింటికీ ఊరికే పంచిపెట్టారు. అందరం మంచాల మీద కట్టుకున్నాం. ఈయన నవ్వాడు. "నా రక్తం చేదు. నన్ను కుట్టిన దోమ ఆ సాయంత్రానికే చచ్చిపోతుంది" అని, ఆ తెర తీసుకెళ్ళి కోళ్ళగూడు మీద కప్పాడు. నిజం చెప్పుకోవాలి, వాళ్ళ కోళ్ళకి ఇంతవరకూ మలేరియా రాలేదు.

ఇలాంటివాడిని కట్టుకున్న మహాతల్లి కిదావా. ఆమె వేరే మట్టి. తెల్లారేసరికి ఆ వేపచెట్టు కింద పొయ్యి రాజేసి, గుంతల పెనం పెట్టి, కొబ్బరిపాలు కలిపిన బియ్యప్పిండితో వితుంబువా పోస్తుంది. గుంతపొంగడాలే, కాస్త తీపి. పంటు దిగినవాళ్ళు ఎండకి మాడి ఆ నీడలోకొచ్చి కూర్చుంటారు. కూర్చున్నాక వాసన ఊరుకోనివ్వదు. ఆ నీడ లేకపోతే నిలబడేవాడెవడు? బజార్లో రేకుల కప్పు కింద ఇంకో నలుగురు పోస్తున్నారు. నీడ లేకపోతే కింద పొయ్యి, పైన సూర్యుడు, మధ్యలో కిదావా కూడా పొంగడంలా వేగిపోవాల్సిందే. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పొయ్యి వల్లే. కొంబో నలభై సార్లు నమిలే ముద్ద పెట్టేది ఆ నీడే. చెట్టు నాటింది వాళ్ళత్తగారు. పోతూ పోతూ కొడుక్కి ఇల్లప్పగించి, చెట్టు మాత్రం కోడలికప్పగించింది. తల్లికి తెలీదా కొడుకు సంగతి!

కాఫీ అమ్మే మకామే అనేవాడు, "ఇంట్లో కిదావా ఉండగా ఈయన చెట్టెక్కి దవా వెతుక్కుంటాడేమిటర్రా" అని. దవా అంటే మందు, కిదావా అంటే చిట్టి మందు.

ఈ మకామే సరదా మనిషే గానీ నోరు కత్తి. ఇత్తడి కూజా, చిన్న కప్పులు గలగలలాడించుకుంటూ వచ్చి, చెట్టు ఎదురుగా ఉన్న మా అరుగు మీదే మకాం పెడతాడు. మొన్న పెద్దవానలు మొదలైనప్పుడు వాడికి మలేరియా తగిలి, మందులేసుకుని తేరుకుని, నీళ్ళలో నానిన కాగితంలా వచ్చి కూర్చున్నాడు. ఒంట్లో ఎలా ఉందని అడగాలా వద్దా? కొంబో అడగలేదు. ఎదురుగా నిలబడి నడుం మీద చెయ్యేసుకున్నాడు.

"చూశావా మకామే! కాఫీ తాగావు, పంచదార తిన్నావు, పడిపోయావు. నన్ను చూడు. పంతొమ్మిదేళ్ళు. ఒక తుమ్ము లేదు."

"పోయిన నెల తుమ్మావు బ్వానా. పక్కనే ఉన్నా. నా కప్పులో పడింది."

"అది తుమ్ము కాదు. లోపలున్న చెడుగాలి బయటికి పంపించాను."

"నా కప్పులోకా?"

అరుగంతా నవ్వు. కొంబోకి చెవులు ఎర్రబడ్డాయి. "నవ్వండి! ఈ చెట్టు నలభై రోగాల్ని దగ్గరికి రానివ్వదు. రోగం వచ్చాక మందేసుకునేవాడు మూర్ఖుడు, రాకుండా ఆపుకునేవాడు మనిషి" అన్నాడు.

"అయితే ఆ నలభై ఏంటో చెప్పు. నేను వేళ్ళు మడుస్తా" అన్నాడు మకామే.

చెప్పాడమ్మా. జ్వరం, దగ్గు, గజ్జి, విరేచనం, పంటినొప్పి... పదిహేను దాకా బండి బాగానే నడిచింది. పద్దెనిమిది దగ్గర ఇరుసు విరిగింది. "బద్ధకం" అన్నాడు. "పలవరింత" అన్నాడు. "గురక" అన్నాడు. ఇరవై రెండు "పెళ్ళాం కోపం." ఇరవై మూడు "అత్తగారు."

"అత్తగారు రోగమా?" అన్నాడు మకామే.

"రాకుండా ఆపుకోవాలి కదా! వేపనీళ్ళకి ఆగిపోయింది మరి."

చెట్టు కింద నించి కిదావా గరిట అరుగు దాకా వచ్చి పడింది. కొంబోకి తగల్లేదు, అదే నా బాధ.

ఇంక ఒక్కటి కూడా తోచలేదు. మకామే మడిచిన వేళ్ళు అలాగే పట్టుకుని, "ఇంకా పదిహేడు బాకీ బ్వానా. అవి ఎవరికొస్తాయి? నీకే రావాలి" అన్నాడు. మనిషి పరువు పోయేటప్పుడు నోరు మూసుకుంటే సగం మిగులుతుంది. కొంబోకి ఆ సగం కూడా అక్కర్లేకపోయింది. ఇంట్లోకెళ్ళి గొడ్డలి తెచ్చాడు. అందరూ చూస్తుండగా చెట్టు కొమ్మకి తగిలించాడు. నాలుగు వేళ్ళు చాపాడు.

"ఇవాళ్టి నించి అరోబైనీ! నలభై రోజుల్లో నాకు ఏ జబ్బైనా సరే, ఒక్కటంటే ఒక్కటి వచ్చిందా, ఈ చెట్టు అబద్ధం, నేనూ అబద్ధం. ఇదే గొడ్డలితో నా చేత్తో మొదలంటా నరికేస్తా. నరక్కపోతే నా గడ్డం గొరిగి కుక్కకి కట్టండి!"

పెద్దవానల్లో! ఊరు ఊరంతా దోమలు పెళ్ళిభోజనానికొచ్చినట్టు వచ్చే కాలంలో!

కిదావా పెనం మీద పొంగడాలు తిప్పడం మర్చిపోయింది. పదహారూ మాడిపోయాయి. ఆమె వితుంబువా మాడడం నా జీవితంలో అదే చూడ్డం. మొగుడు సరదాగా ఉన్నప్పుడు అయ్యగారన్నట్టు 'బ్వానా' అంటుంది, మండితే పేరు పెట్టి పిలుస్తుంది. ఆ రోజు పేరే పెట్టింది.

"కొంబో! నీ ఒళ్ళు పందెం పెట్టుకో, నీ గడ్డం పెట్టుకో. నా నీడెందుకు పెట్టావు?"

"నీకెందుకే భయం? నాకు రోగం వస్తే కదా."

"నీకు రోగం రాదు. నువ్వే వచ్చావు, నాకు."

నరుకుతాడా అని మీకు సందేహం రావచ్చు. నరుకుతాడు. ఆయన్ని నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. ఒకసారి పంతానికి సొంత ఇంటి తలుపు పీకి, తలుపు లేకుండా రెండేళ్ళు పడుకున్నాడు, గాలి మంచిదని. తెలివి లేనివాడికి పౌరుషం మాత్రం పుష్కలంగా పోస్తాడు దేవుడు, ఖాళీగా ఉన్న చోటులో.

ఇంక మకామేకి రోజూ పండగే. పొద్దున్నే కప్పులు గలగలలాడించి రోజు నంబరు అరిచేవాడు, పంటు కూతలాగా. "ఏడో రోజు!" "పన్నెండో రోజు!" మాకో సామెత ఉంది, దొంగకి నలభై రోజులే అని. ఎంత దొంగైనా నలభయ్యో రోజుకి దొరికిపోతాడని. ఆ సామెతని వాడు పాట కట్టి పాడేవాడు. ఆ పాట వింటూ, నెత్తి మీద వేలాడే గొడ్డలి కింద కూర్చుని, కిదావా పొంగడాలు పోసేది. గాలికి గొడ్డలి ఊగినప్పుడల్లా ఆమె మెడ కిందికి కుంచించుకుపోయేది.

ముప్పై ఒకటో రోజు. చెట్టు మొదట్లో నిలబడి కొంబో వణుకుతున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మా ఇంటి దాకా వినపడింది. నేను బయటికొచ్చి, "ఏంటి బ్వానా, చలా?" అన్నాను. మిట్టమధ్యాహ్నం, ఇసుక మీద కాలు పెడితే బొబ్బలెక్కుతున్నాయి.

"చలి కా-కా-కాదు. వ్యా-వ్యాయామం. మేక వానలో త-తడిస్తే ఒళ్ళు దులుపుకోదూ? ప్ర-ప్రకృతి."

అరుగు మీద ఇద్దరు వెధవలు నిజమనుకుని లేచి వాళ్ళూ వణకడం మొదలెట్టారు. వాళ్ళలో ఒకడికి నడుం పట్టేసింది.

ముప్పై మూడో రోజుకి మంచం దిగలేదు. కిదావా మా గోడ దగ్గరికొచ్చి, మెల్లిగా, "షోగా" అంది. అంటే మా ఆడవాళ్ళలో స్నేహితురాలని. "షోగా, ఒళ్ళు పెనంలా ఉంది. నీళ్ళు చల్లితే చుయ్యిమంటుంది. పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు. నలభై వచ్చేదాకా పెట్టి మళ్ళీ మొదటికొస్తున్నాడు. దూలాలు ఆరే ఉన్నాయి."

"దవాఖానాకి తీసుకుపో."

"పోతే చెట్టు పోతుంది. పోకపోతే ఈయన పోతాడు."

పెళ్ళాంగా ఏది ముందు అందో వినండి. నేను తప్పు పట్టను.

వాళ్ళిద్దరి మాటలూ గోడ ఇవతలికి బాగానే వినపడ్డాయి. గోడకి చెవి ఆనించానని కాదు, నా చెవి ఉన్నచోటే గోడ ఉంది. ఆయన, "చచ్చిపోతా గానీ దవాఖానా మెట్టెక్కను, మకామే చూస్తాడు" అన్నాడు. ఆమె, "చస్తే రోగంతో చచ్చినట్టే కదా! అప్పుడు చెట్టు ఎవరు నరుకుతారు, నీ శవమా? చావు నీ నలభైలో ఉందా లేదా, అది చెప్పు ముందు" అంది. ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుని, "లేదు" అన్నాడు. "అయితే లే" అంది.

తర్వాత జరిగింది నా కళ్ళారా చూశాను. మర్నాడు పొద్దున నాకు దవడ బొప్పాయిలా వాచింది. పన్ను పీకించుకుందామని దవాఖానాలో ఆడవాళ్ళ వరసలో కూర్చున్నా. నోరు పెగలదు. దేవుడు ఆ రోజు నా నోరెందుకు మూయించాడో తర్వాత అర్థమైంది.

కిదావా వచ్చింది. పక్కన నల్ల బురఖాలో, మొహమ్మీద ముసుగేసుకుని, వంగిపోయిన ఒక పెద్దావిడ. వంగకపోతే బురఖా మోకాళ్ళ దాకానే వచ్చేది. వంగినా పిక్కల దగ్గరే ఆగింది. కిందికి చూశాను. ఆ పాదాలు! పంగానీలో ఆ తెడ్డు పాదాలు ఎవరివో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నాకు నవ్వు తన్నుకొచ్చింది, దవడ నొప్పి తన్నింది, కళ్ళలో నీళ్ళు. పక్కనామె, "పాపం, అంత నొప్పా?" అంది. ఆ పక్కనామె ఎవరనుకున్నారు? జోహా. మకామే పెళ్ళాం.

నర్సు అగ్రిపీనా కొండప్రాంతం మనిషి. ఊరికి కొత్త. నవ్వడానికి తీరిక లేని మనిషి. తలెత్తకుండా పుస్తకంలో రాసుకుపోతుంది.

"అవ్వ పేరు?"

కిదావా అన్నీ సిద్ధం చేసుకుంది. బురఖా, ముసుగు, కట్టుకథ, అన్నీ. పేరొక్కటి మర్చిపోయింది. నోరు తెరిచి, "సికుజువా..." అంది. అంటే మా భాషలో 'నాకు తట్టలేదు, తెలీలేదు' అని. కానీ అది మాలో ఆడవాళ్ళకి పేరు కూడా. నర్సు రాసేసుకుంది. సికుజువా.

"ఊరు?"

"కిపుంబ్వీ. మా ఆయనకి మేనత్త."

"వయసు?"

"అరవై... ఉంటుంది."

నర్సు ఆడవాళ్ళందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. మలేరియా మందు ఇచ్చే ముందు అడగాలి కదా. "నెల తప్పిందా? కడుపుతో ఏమైనా ఉందా?"

ముసుగు లోపల జ్వరం తారస్థాయిలో ఉంది. ఏం వినపడిందో ఏమో, తల ఊగింది. అవునని.

నర్సు మొదటిసారి తలెత్తింది. "ఎన్నో నెల?"

బురఖాలోంచి ఒక చెయ్యి లేచింది. వెంట్రుకలతో, కొబ్బరిపీచు అంటించినట్టున్న చెయ్యి. నాలుగు వేళ్ళు చాపింది.

"నాలుగో నెలా!" అంది నర్సు. "అరవై ఏళ్ళకా!"

వరసలో ఉన్న నిండు గర్భిణీలు ముగ్గురు తిరిగి చూశారు. ఒకామె, "అల్లా దయ ఉంటే ఏదైనా సాధ్యమే తల్లీ" అంది. కిదావా, "కాదమ్మా, కాదు, జ్వరం, పేలాపన" అని ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగుతోంది. అది టికెట్ల చెయ్యి, లాగినకొద్దీ లేస్తోంది. నర్సు ఆ చేతినీ ఆ పాదాల్నీ ఒకసారి చూసింది. ఏమనుకుందో దేవుడికే తెలియాలి. పుస్తకం పక్కన పెట్టింది. వేలు పొడిచి చుక్క రక్తం తీసింది. చేదు రక్తం! అందులో మలేరియా పంగానీ బజారంత రద్దీగా ఉందట.

మాత్రలు చేతిలో పెట్టి చెప్పింది, "పూటకి నాలుగు, రెండు పూటలా, మూడు రోజులు. కడుపులో ఏదైనా తిని వేసుకోవాలి. మొత్తం ఇరవై నాలుగు. మధ్యలో మానకూడదు."

అంతే. ముసుగు లోపల్నించి పంటు ఇంజను లాంటి గొంతు లేచింది.

"ఇరవై నాలుగేనా? నలభై ఉండాలి కదా!"

దవాఖానా అంతా ఇటు తిరిగింది. ఏడుస్తున్న చంటిపిల్ల కూడా ఆపేసింది. ఇరవై ఏళ్ళు రేవులో 'అరోబైనీ, వెనక్కి!' అని ఊరందర్నీ ఎండలో నిలబెట్టిన గొంతది. జోహా నా చెయ్యి గిల్లింది. నేను జోహా చెయ్యి గిల్లాను. పన్ను పీకించుకోకుండానే నాకు సగం తగ్గిపోయింది.

మధ్యాహ్నం నమాజుకి పిలుపు వచ్చేలోపు ఊరంతటికీ తెలిసిపోయింది. నేను చెప్పలేదు. నా దవడ వాచింది. చేతుల్తో చూపించానంతే.

మందు మందే. మూడు రోజులకి జ్వరం దిగింది. నలభై ఆకులు పంతొమ్మిదేళ్ళలో చెయ్యని పని ఇరవై నాలుగు మాత్రలు చేసేశాయి. ముప్పై ఎనిమిదో రోజు పొద్దున, కొంబో దుప్పటి కప్పుకుని చెట్టు కింద స్టూలు మీద కూర్చున్నాడు, ఎండిన సొరచేపలా. ఎదురుగా మకామే. వెనకాల అరుగు అరుగంతా, పంటు దిగినవాళ్ళు, వణికి నడుం పట్టుకున్నవాడు కూడా, వంకరగా.

"బ్వానా కొంబో" అన్నాడు మకామే, "గొడ్డలి దింపుదామా? దొంగకి నలభై రోజులంటారు. నీకు రెండు తక్కువే పట్టాయి."

కొంబో మొహంలో రంగులు మారాయి. ఆ పౌరుషం ఉంది చూశారూ, అది మలేరియాకి కూడా చావలేదు. లేచాడు. చెయ్యి గొడ్డలి వైపు చాపాడు. నిజంగానే నరికేస్తాడు వెధవ! నాకు కూడా నష్టమే. ఆ చెట్టు నీడ సగం మా అరుగు మీదే పడుతుంది మరి.

కిదావా పెనం దింపింది. చేతులు తుడుచుకుంది. రవికలోంచి మడత పెట్టిన చీటీ తీసింది.

"మకామే, జ్వరం ఎవరికొచ్చిందన్నావు?"

"నీ మొగుడికి. ఊరంతా తెలుసు."

"ఊరికి చదువు రాదా? చీటీ చదువు. దవాఖానా ముద్ర ఉంది."

మకామే చీటీ పట్టుకుని చదివాడు. "సికుజువా. కిపుంబ్వీ. ఆడ. అరవై..."

"ఆడ అని ఉంది కదా? మా ఆయన ఆడా? అడుగు."

అందరూ కొంబో గడ్డం వైపు చూస్తున్నారు.

కిదావా మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "కొంబో. అందరి ముందూ చెప్పు. నల్ల బురఖా వేసుకుని, ఆడవాళ్ళ వరసలో కూర్చుని, నాలుగో నెల అని వేళ్ళు చూపించింది నువ్వేనా? నువ్వే అయితే నీకు జబ్బు చేసినట్టే, చెట్టు నరికెయ్. నేను పక్కకి జరుగుతా. నువ్వు కాకపోతే గొడ్డలి నాకిచ్చి కూర్చో. ఆ ముసుగులో ఉన్నదెవరు?"

అబ్బ! ఆ నోరు తెరుచుకుంది. ఇరవై ఏళ్ళు పంటు మీద, పంతొమ్మిదేళ్ళు మా నెత్తి మీద మూత పడని నోరు. తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. రేవులో చేపలు అలాగే చేస్తాయి. ఒప్పుకుంటే నాలుగో నెల. ఒప్పుకోకపోతే గొడ్డలి పెళ్ళానికిచ్చి కూర్చోవాలి, పౌరుషం పోతుంది. చెట్టు వైపు చూశాడు, గొడ్డలి వైపు చూశాడు, జోహా వైపు చూశాడు. జోహా అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరికి తలొంచుకుని, తెలివిగా తప్పించుకున్నాననుకుని, గొణిగాడు.

"సికుజువా."

తెలీదట! ఎవరో తెలీదట! ఎవరని అడిగితే తన పేరు తనే చెప్పుకున్నాడు!

మకామే కూజా చేతిలోంచి జారిపడింది. కాఫీ ఇసకలో ఇంకిపోయింది. వాడు ఆ కాఫీ మీదే కూలబడి కడుపు పట్టుకుని, "చెప్పేసిందిరా! మేనత్త నోటితోనే చెప్పేసింది!" అని దొర్లాడు. నడుం పట్టుకున్నవాడికి ఆ నవ్వుకి నడుం వదిలేసింది. ఇది మాత్రం అచ్చంగా నిజం. నవ్వి నవ్వి ఆఖరికి మకామేయే కళ్ళు తుడుచుకుని, "ఉండనివ్వండిరా చెట్టు. ఎంత వెతికినా ఇలాంటి నీడ ఎక్కడ దొరుకుతుంది? కిపుంబ్వీ మేనత్త కడుపుతో ఉంది, ఎండలో కూర్చోగలదా?" అన్నాడు.

కిదావా గొడ్డలి దింపింది. అదే గొడ్డలితో ఆ పూటకి కావలసిన కట్టెలు కొట్టుకుంది, ఒక్క చుక్క నీరు కంట్లో తిరక్కుండా. తర్వాత పెద్ద గిన్నెలో టీ కాచింది. పంచదార గరిటతో పోసింది. ఒక కప్పు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. కొంబో ఒక గుక్క తాగాడు. రెండో గుక్క తాగాడు. నలభై దాకా ఆగలేదు.

కోళ్ళ మీది దోమతెర కడిగి మంచం మీద కట్టారు. కాస్త ఈకలు అంటుకుని ఉన్నాయంతే. ఆకుకూర తినడం, పొద్దున్నే నడవడం తప్పని నేననను. ముందుకి నడిస్తే ఇంకా మంచిది. నాకు ఒళ్ళు మండేది ఆ వాగుడు చూసే. ఆ వాగుడు ఆగిపోయింది. మొన్నీమధ్య కూడా పంటు దిగినవాళ్ళెవరో వేపాకు మంచిదేనా అని అడిగితే, పాత అలవాటు కొద్దీ కొంబో గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా అరుగు మీద నించి మకామే లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, పెద్దవాళ్ళకి పెట్టే దణ్ణం పెట్టాడు.

"షికమో మేనత్తా! ఇప్పుడెన్నో నెల?"

కొంబో నోరు మూసుకున్నాడు. నాలుగు వేళ్ళు మాత్రం, పాపం, వాటంతట అవే లేచాయి.